కొలనూలు మన గడప దాకా వస్తే...

పొలంలో ఒక శవం పడి ఉంది. చంపిందెవరో తెలియదు. చూసినవారు లేరు, సాక్ష్యం చెప్పేవారు లేరు. అలాంటప్పుడు ఏం చేయాలో దేవుడు మోషే ద్వారా ఇశ్రాయేలీయులకు ముందే చెప్పాడు (ద్వితీ. 21:1-9). పెద్దలు, న్యాయాధిపతులు అక్కడికి రావాలి. శవం దగ్గర నుంచి చుట్టూ ఉన్న ఊళ్ల దాకా కొలనూలు పట్టి కొలవాలి. అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ఏ ఊరో తేల్చాలి. ఆ ఊరి పెద్దలు కాడి మోయని పెయ్యను నీరు పారే లోయకు తీసుకెళ్లి దాని మెడ విరిచి, దాని మీద చేతులు కడుక్కొని, ఆ రక్తపాతంలో తమ చేతులకు గానీ కళ్లకు గానీ పాలు లేదని దేవుని ఎదుట చెప్పాలి. తమను క్షమించమని వేడుకోవాలి.

ఇదేం న్యాయం? చంపినవాడెవడో పారిపోతే, దగ్గరున్న పాపానికి ఆ ఊరి పెద్దలు ఎందుకు క్షమాపణ అడగాలి? యూదుల పాత ధర్మ సంకలనమైన మిష్నా కూడా సరిగ్గా ఈ ప్రశ్నే వేసింది. ఊరి పెద్దలే హంతకులని ఎవరైనా అనుకుంటారా అని అడిగి, తానే జవాబు చెప్పింది. వారు ప్రమాణం చేస్తున్నది చంపలేదని మాత్రమే కాదట. ఆ మనిషి ఆకలితో మా దగ్గరికి వస్తే అన్నం పెట్టకుండా పంపలేదు, ఒంటరిగా వెళ్తుంటే తోడు లేకుండా సాగనంపలేదు అని చెప్పడమట! ఎంత లోతైన మాట! దేవుని దృష్టిలో ఊరి భద్రత ఠాణాతో మొదలు కాదు. పెట్టిన అన్నంతో, ఇచ్చిన తోడుతో మొదలవుతుంది.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. జగిత్యాలలోనో, కోరుట్లలోనో, సిరిసిల్లలోనో ఒక హత్య జరిగిందనో, పట్టపగలు మెడలో గొలుసు లాక్కెళ్లారనో జిల్లా పేజీలో వార్త వస్తుంది. మనం మొదట చూసేదేమిటి? ఏ వాడలో జరిగింది అని. మన వాడ కాకపోతే ఊపిరి పీల్చుకుంటాం. తర్వాత ఎవరు, ఏ కులం, ఏ మతం అని చూస్తాం. మనవాళ్లు కాకపోతే పేజీ తిప్పేస్తాం. మనమూ కొలనూలు పడుతున్నాం గానీ, ఎంత దగ్గరో తెలుసుకోవడానికి కాదు. ఎంత దూరమో చూసుకొని నెమ్మది పడడానికి.

ఏటా డిసెంబరు చివర జిల్లా ఎస్పీలు విలేకరులను పిలిచి వార్షిక నేర నివేదిక విడుదల చేస్తారు. నేరాలు ఇంత శాతం పెరిగాయనో తగ్గాయనో మరునాడు పత్రికల్లో చదువుతాం. పెరిగితే 'లోకం పాడైపోయింది, అంత్యదినాలు' అంటాం. తగ్గితే ఆ సంగతే మరచిపోతాం. కానీ ఆ అంకెలు ఎలా పుడతాయో ఎప్పుడైనా ఆలోచించామా?

నేరాల రేటు అంటే లక్ష జనాభాకు నమోదైన కేసుల సంఖ్య. 'నమోదైన' అన్న మాటే ఇక్కడ కీలకం. ఠాణా మెట్లు ఎక్కని కన్నీటికి ఆ లెక్కలో చోటు లేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క కట్టేటప్పుడు, ఒక కేసులో అనేక నేరాలున్నా అన్నిటికన్నా పెద్దదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. దొంగతనానికి వచ్చినవాడు హత్య చేసి పోతే అది హత్యగానే లెక్కకెక్కుతుంది. శిక్షార్హమైన తీవ్ర నేరం గురించి ఫిర్యాదు అందితే పోలీసులు తప్పక ఎఫ్ఐఆర్ రాయాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లో లలితా కుమారి కేసులో తీర్పు చెప్పింది. అలాంటి తీర్పు తర్వాత ఒక జిల్లాలో కేసుల సంఖ్య పెరిగితే దాన్ని ఏమనాలి? నేరం పెరిగిందనాలా, లేక ఇన్నాళ్లూ నోరు విప్పనివారు విప్పారనాలా? పెరిగిన అంకె ఒక్కోసారి శుభవార్త కావచ్చు. తగ్గిన అంకె ఒక్కోసారి భయానికి గుర్తు కావచ్చు.

ఈ ప్రాంతపు పెద్దలకు ఆ భయం తెలుసు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతు కూలీలు వేలాదిగా కదిలివచ్చిన జైత్రయాత్ర జరిగింది. వెట్టిచాకిరీ, కూలి రేట్లు, దొరల చేతుల్లోని బంజరు భూములు ఆనాటి ప్రశ్నలు. అదే ఏడాది అక్టోబరు 20న ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. హెచ్చరించి కాల్పులు జరిపే అధికారం సబ్ ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారికి సైతం వచ్చింది. ఆ తర్వాతి ఏళ్లలో తుపాకులు రెండువైపులా మోగాయి. మధ్యలో నలిగింది పేద కుటుంబాలే. పొద్దు గూకితే తలుపులు మూసుకున్న ఆ రోజుల్లో వీధులు ఎంతో నిశ్శబ్దంగా ఉండేవి. వీధి నిశ్శబ్దంగా ఉన్నంత మాత్రాన శాంతి ఉన్నట్టా? గాయం మానకుండానే అంతా బాగుందని చెప్పే ప్రవక్తలను యిర్మీయా నిందించింది అందుకే కదా (యిర్మీయా 6:14).

సిరిసిల్ల సంగతి మరీ బాధాకరం. సాంచాల చప్పుడు ఆగిపోయి, అప్పులు పెరిగి, నేత కార్మికులు వరుసగా ప్రాణాలు తీసుకున్న ఏళ్లను ఆ ఊరు మరచిపోలేదు. 2000ల మొదట్లో సిరిసిల్ల పేరు దేశమంతటికీ తెలిసింది ఆ మరణాలతోనే. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చి సాంచాలు మళ్లీ ఆడాయి గానీ, పోయినవారు తిరిగి రాలేదు. అలాంటి మరణం ఠాణాలో అనుమానాస్పద మృతిగా నమోదై, విచారణ తర్వాత మామూలుగా ముగిసిపోతుంది. నేరాల రేటులో కనబడదు. అంటే ఆ ఊరు అన్నిటికన్నా ఎక్కువగా ఏడ్చిన చావులు నేరాల లెక్కలోనే లేవు! అన్నం పెట్టామా, తోడు వెళ్లామా అన్న పాత ప్రశ్న ఇక్కడ మనల్ని వేలెత్తి చూపదా? ఆ కార్మికుడి ఇల్లు ఏదో ఒక మందిరానికి దగ్గరే ఉండి ఉంటుంది.

మరి దేవుడు ఒక పట్టణాన్ని ఏ కొలతతో కొలుస్తాడు? జెకర్యా గ్రంథంలో ఒక చిత్రం ఉంది (జెకర్యా 8:4, 5). దేవుడు యెరూషలేమును బాగుచేసే రోజును వర్ణిస్తూ, అక్కడ కోటల గురించి గానీ సైన్యం గురించి గానీ ప్రవక్త మాట్లాడలేదు. ముసలితనంతో చేతికర్ర పట్టుకున్న అవ్వలు, తాతలు వీధుల్లో కూర్చుంటారట. ఆ వీధుల నిండా మగపిల్లలు, ఆడపిల్లలు ఆడుకుంటూ ఉంటారట. ఇదే దేవుని వార్షిక నివేదిక! పరుగెత్తలేనివారు, ఎదిరించలేనివారు బయట నిశ్చింతగా ఉంటే ఆ ఊరు భద్రంగా ఉన్నట్టు. వారు లోపలికి పోయి గడియ పెట్టుకుంటే ఎన్ని అంకెలు తగ్గినా లేనట్టే.

ఈ కొలతతో మన వీధులను చూద్దాం. కొడుకులు దుబాయి, మస్కట్, సౌదీ పోయి, ఇంట్లో ఒంటరిగా ఉన్న అవ్వ సాయంత్రం అరుగు మీద కూర్చోగలుగుతోందా? చుట్టిన బీడీల కట్టలు కార్ఖానాలో అప్పజెప్పి, మసక చీకట్లో ఇంటికి నడిచి వచ్చే చెల్లెకు దారిలో దీపం ఉందా? బడి వదిలాక ఆడపిల్ల ట్యూషన్‌కు వెళ్లే సందులో ఏ మాటలు వినాల్సి వస్తోంది? వీటికి జవాబు తెలియాలంటే నివేదిక చదవనక్కర్లేదు. ఒక సాయంత్రం మనమే ఆ సందులో నడిస్తే చాలు.

కెమెరాలు ఉన్నాయి కదా అని కొందరంటారు. ఉండాల్సిందే. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ప్రజా భద్రత చట్టం ప్రకారం వందమంది కూడే చోట్ల, ప్రార్థనా స్థలాల్లో సైతం, కెమెరాలు పెట్టి దృశ్యాలను 30 రోజులు భద్రపరచాలి. మన మందిరాలకూ ఇది వర్తిస్తుంది. కానీ కెమెరా జరిగినదాన్ని చూపుతుంది. జరగబోయేదాన్ని ఆపడానికి మనిషి కావాలి. పైగా ఏ కెమెరా అయినా గడప దగ్గరే ఆగిపోతుంది.

అసలు ప్రమాదం ఎక్కువగా ఉన్నది గడప లోపలే. దేశంలో మహిళలపై నమోదయ్యే నేరాల్లో ఏటా మొదటి స్థానం భర్త, అతని బంధువులు పెట్టే హింసదే. అత్యాచార కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితులు బాధితురాలికి ముందే తెలిసినవారు. మనం పిల్లలకు 'కొత్తవాళ్లతో మాట్లాడకు' అని నేర్పుతాం. తెలిసినవాళ్ల నుంచి వచ్చే కీడు సంగతి మాత్రం ఇంట్లోనూ మాట్లాడం, మందిరంలోనూ మాట్లాడం.

ఇక్కడ మేము ఒక ఒప్పుకోలు చేయాలి. మా సంఘంలో ఒక సహోదరి ఉండేది. ఆదివారం ఆమె ముఖం మీద కమిలిన గుర్తులు చూశాం. మెట్ల మీద జారిపడ్డానంది. నమ్మినట్టు నటించాం. ఒకరోజు ఆమే వచ్చి నోరు విప్పింది. మేమంతా కూర్చొని ఆమెకు ఏం చెప్పాం? 'ఓపిక పట్టు బిడ్డా, ప్రార్థన చేస్తే మారుతడు. ఠాణా దాకా పోతే ప్రభువు నామానికి అవమానం' అన్నాం. ప్రార్థన చేసి, తిరిగి అదే ఇంటికి పంపాం. అంటే ఏం చేశాం? తోడు లేకుండా సాగనంపాం! ఆమె ప్రాణాలతో బయటపడింది. అది మా జ్ఞానం వల్ల కాదు, పక్కింట్లో ఉండే ముస్లిం అక్క ఒక రాత్రి తలుపు తట్టి లోపలికి వెళ్లినందువల్ల. ఆ అక్క మా కన్నా ముందు మంచి సమరయురాలైంది. మేము యాజకునిలా, లేవీయునిలా పక్కగా వెళ్లిపోయాం.

ప్రభువు నామానికి అవమానం ఏది? దెబ్బలు తిన్న స్త్రీ ఫిర్యాదు చేయడమా, కొట్టినవాడు మరుసటి ఆదివారం ముందు వరుసలో కూర్చుంటే మనం చూసీ చూడనట్టు ఊరుకోవడమా? భార్య పట్ల బలాత్కారం చేసేవాడిని దేవుడు అసహ్యించుకుంటాడని మలాకీ ప్రవక్త చెప్పాడు (మలాకీ 2:16). ఆ వచనంలో విడాకుల మాటను ఎత్తి చూపుతాం గానీ, పక్కనే ఉన్న బలాత్కారం మాటను దాటేస్తాం.

విశ్వాసులు న్యాయస్థానాలకు వెళ్లకూడదని పౌలు రాయలేదా అని కొందరు పెద్దలు అడుగుతారు. కొరింథీ సంఘానికి పౌలు చెప్పింది సహోదరుల మధ్య వ్యాజ్యాల గురించి. ప్రాణం మీదికి వస్తే ఆయనే ఏం చేశాడో అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయం చూడండి. ఆయన్ను చంపేదాకా అన్నపానాలు ముట్టమని నలభైమందికి మించి ఒట్టు పెట్టుకున్నారు. ఆ సంగతి పౌలు మేనల్లుడి చెవిన పడింది. ఆ కుర్రవాడు కోటలోకి వెళ్లి చెప్పాడు. పౌలు 'ప్రార్థన చేసుకుందాం, ఎవరికీ చెప్పకు' అనలేదు. శతాధిపతిని పిలిచి, ఇతన్ని సహస్రాధిపతి దగ్గరికి తీసుకెళ్లమన్నాడు. ఆ రాత్రే 200 మంది సైనికులు, 70 మంది గుర్రపురౌతులు, 200 మంది ఈటెలవాళ్లు పౌలుకు తోడుగా బయల్దేరారు. విన్నదాన్ని వెళ్లి చెప్పిన ఒక పిల్లవాడి వల్ల అపొస్తలుడి ప్రాణం నిలిచింది.

అలాంటి ధైర్యం మన దగ్గర కూడా చూశాం. 2024లో సిరిసిల్ల ప్రాంతపు ఒక యువకుడు ఉద్యోగం దొరుకుతుందన్న ఏజెంటు మాట నమ్మి కంబోడియా వెళ్లి, సైబర్ మోసాలు చేయించే ముఠా చేతిలో చిక్కుకున్నాడు. అతని తల్లి పరువు అనుకోలేదు, అప్పు అనుకోలేదు. పోలీసులకు ఫిర్యాదు చేసింది. సిరిసిల్ల పోలీసులు కేసు నమోదు చేసి, అక్కడి భారత రాయబార కార్యాలయంతో మాట్లాడాక అతను బయటపడ్డాడు. గల్ఫ్ వలసలకు పేరుపడ్డ ఈ మూడు పట్టణాల్లో ఏజెంటు మోసం కొత్త కాదు. ఆజాద్ వీసా అనీ, విజిట్ వీసా మీద పోతే అక్కడ పని చూపిస్తామనీ లక్షలు గుంజినవారిని ఎంతమంది చూడలేదు! మోసపోయినవాడు సిగ్గుతో నోరు మూసుకుంటాడు. ఆ మౌనమే తర్వాతివాడికి ఉచ్చు. ప్రయాణం కట్టినవాడి కోసం కృతజ్ఞత కూడిక పెట్టి, చేయి ఉంచి ప్రార్థిస్తాం. మంచిదే. ఏజెంటుకు విదేశాంగ శాఖ లైసెన్సు ఉందో లేదో ప్రార్థనకు ముందు ఒక్కరమైనా అడిగామా?

పిల్లల విషయంలో చట్టం మనకు వేరే దారి వదల్లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు తెలియజేయాలి. తెలిసి దాచిపెట్టడం కూడా నేరమే. పాస్టరుకు మినహాయింపు లేదు, సండేస్కూలు టీచరుకు లేదు, హాస్టలు వార్డెనుకు లేదు. సంఘ పెద్దలు నలుగురు కూర్చొని రాజీ కుదర్చడానికి అది గట్టు తగాదా కాదు. మనకు తెలియదని తప్పించుకుంటే హృదయాలను తూచేవాడు గ్రహించడా అని సామెతల గ్రంథం అడుగుతోంది (సామెతలు 24:11, 12).

మందిరం గోడ దాటి సంఘం బయటికి వస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి ఒక అనుభవం ఉంది. అమెరికాలోని బోస్టన్ నగరంలో 1990లో 152 హత్యలు జరిగాయి. 1992లో ఒక బాప్టిస్టు మందిరంలో, హత్యకు గురైన యువకుని భూస్థాపన ఆరాధన జరుగుతుండగానే, ముఠా కుర్రాళ్లు లోపలికి చొరబడి మరో యువకుణ్ని కత్తితో పొడిచారు. వీధిని మందిరంలోకి రానివ్వనందుకు వీధే లోపలికి వచ్చిందని అక్కడి పాస్టర్లకు అర్థమైంది. వారు ఒక కూటమిగా ఏర్పడి, రాత్రిపూట వీధుల్లో నడవడం మొదలుపెట్టారు. కుర్రాళ్లతో మాట్లాడారు, తల్లులను కలిశారు, పోలీసులతో కూర్చున్నారు. 1999 నాటికి ఆ నగరంలో హత్యలు 31కి తగ్గాయి. అది పాస్టర్ల ఒక్కరి ఘనత కాదు. పోలీసుల కొత్త పద్ధతులు, ఇతర కారణాలు కూడా ఉన్నాయి. అయినా ఆ నడకకు అందులో భాగముందని చాలామంది ఒప్పుకున్నారు.

అంత పెద్ద పని మనవల్ల ఏమవుతుంది అనుకోనక్కర్లేదు. నెహెమ్యా కాలంలో యెరూషలేము గోడ లేచిన తీరు చూడండి. చాలామంది ఎవరి ఇంటి ఎదుట ఉన్న భాగాన్ని వారు బాగుచేసుకున్నారు (నెహెమ్యా 3వ అధ్యాయం). మన ఇంటి ఎదుట ఉన్న భాగం ఏది? మందిరం గేటు దగ్గర రాత్రంతా వెలిగే ఒక దీపం. ఒంటరిగా ఉన్న అవ్వ ఇంటికి రోజు విడిచి రోజు వెళ్లే ఒక యవనస్తుడు. బీడీ కార్ఖానా నుంచి నలుగురు చెల్లెండ్లు కలిసి వచ్చే ఏర్పాటు. మందిరం గోడ మీద వాక్యం పక్కనే అత్యవసరానికి 112, మహిళలకు 181, పిల్లలకు 1098, సైబర్ మోసాలకు 1930 అని పెద్ద అక్షరాలతో రాసిన బోర్డు. హింస పడుతున్న సహోదరి వస్తే ఆమెతో పాటు సఖి కేంద్రానికో, ఠాణాకో నడిచి వెళ్లే ఇద్దరు స్త్రీలు. ఇవన్నీ కానుకల పెట్టె తెరవకుండానే చేయగలిగినవి.

ఇవి మన సంఘస్తుల కోసమే అనుకుంటే మళ్లీ దారి తప్పినట్టే. బబులోనుకు చెరపట్టబడిన యూదులకు రాసిన ఉత్తరంలో యిర్మీయా, ఆ అన్యుల పట్టణపు క్షేమం కోసమే పాటుపడమని, దాని కోసం ప్రార్థించమని చెప్పాడు (యిర్మీయా 29:7). పట్టణం క్షేమంగా ఉంటేనే వారికీ క్షేమం. మన వాడలో మసీదుకు వెళ్లే కుటుంబం ఉంది, గుడికి వెళ్లే కుటుంబం ఉంది. దొంగకు, తాగి బండి నడిపేవాడికి, అమ్మాయిని వేధించేవాడికి ఆ తేడా లేదు. కాపాడేవారికి మాత్రం ఎందుకుండాలి?

నేరం చేసినవాణ్నీ మరువకూడదు. శిక్ష అనుభవించి వచ్చిన కుర్రవాడికి అద్దెకు గది దొరకదు, పని దొరకదు. పాత స్నేహితులు మాత్రం మొదటి రోజే దొరుకుతారు. చెరసాలలో ఉన్నవాణ్ని చూడడానికి వెళ్లామా అని ప్రభువు అడుగుతాడు (మత్తయి 25:36). జక్కయ్య ఇంటికి ఆయన వెళ్లాకే కదా, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్న మాట వచ్చింది!

యెహోవా పట్టణాన్ని కాపాడకపోతే కావలివారు మేలుకోవడం వ్యర్థమని కీర్తనకారుడు చెప్పిన సంగతి మనకు తెలుసు (కీర్తన 127:1). ఆ మాట కావలివాణ్ని నిద్రపొమ్మని చెప్పలేదు. మేలుకొని ఉన్నవాడికి దేవుని తోడు ఉందని ధైర్యం చెబుతోంది.

రేపు మన జగిత్యాలలోనో, కోరుట్లలోనో, సిరిసిల్లలోనో ఏదో ఒక ఘోరం జరిగి, పరలోకపు పెద్దలు కొలనూలు పట్టుకొని బయల్దేరితే అది ఎవరి గడప దగ్గర ఆగుతుంది? ఆ రోజు మనం చేతులు కడుక్కొని ఏం చెప్పగలం? మేము చంపలేదని అందరూ చెప్పగలరు. అన్నం పెట్టామని, తోడు వెళ్లామని చెప్పగలగాలి. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక ఇంటికి వెళ్లే దారిలో ఒక్క తలుపు తడదాం. లోపలివారు ఎలా ఉన్నారో అడుగుదాం. జవాబు వినేదాకా గడప దగ్గరే నిలబడదాం.